మా పిన్ని బంగారమ్మ అయిన సాయంత్రం

ఆ కాలంలో నాకు ఇరవై మూడేళ్ళు. ఈ భూమ్మీద బేరమాడితే తగ్గని వస్తువంటూ లేదని గట్టి నమ్మకం. నమ్మకపోయి చస్తానా? పుట్టి పెరిగిందే బజారులో. మా నాన్నది స్టీలు సామాన్ల కొట్టు, దాన్ని ఆనుకుని పెదనాన్న బట్టల కొట్టు, ఎదురుగా మేనమామ పచారీ కొట్టు. ఆరో తరగతి సెలవుల నుంచి గిన్నెల మీద పేర్లు చెక్కడం నా పని. కరెంటుతో నడిచే చిన్న యంత్రం, దాని సూది టకటకలాడుతుంటే చుక్కలు చుక్కలుగా అక్షరాలు పడేవి. ‘పేర్లు ఉచితంగా చెక్కబడును’ అని బోర్డుండేది గాని, ఆ ధర్మం వెనక మర్మం వేరు. బేరం ఎటూ తెగక, కొనడానికొచ్చినవాళ్ళు చెప్పుల వైపు చూడ్డం మొదలెట్టగానే నాన్న నాకు కనుసైగ చేసేవాడు. నేను అతి వినయంగా “ఏం పేరు వెయ్యమంటారండీ?” అని అడిగి, వాళ్ళు ఆలోచించుకునేలోపు మొదటి అక్షరం వేసేసేవాణ్ణి. అక్షరం పడ్డ గిన్నె ఇంకెవరు కొంటారు? మొహమాటపడి వాళ్ళే కొనేవారు. “మనిషి పేరు మన చేతిలో పడితే మనిషి పడ్డట్టేరా” అనేవాడు నాన్న. ఆయనకి ఇంకో విద్య కూడా ఉండేది. మెట్టెక్కిన ప్రతివాళ్ళతోనూ చుట్టరికం కలిపేవాడు. “ఏ ఊరండీ తమది? అయ్యో, మా తోడల్లుడిది ఆ పక్కూరే!” (నాన్నకి ఉన్నది ఒక్కడే తోడల్లుడు. ఆయన ఇరవై ఏళ్ళుగా ఢిల్లీ వదిలి రాలేదు.)

ఆ ఒక్కగానొక్క తోడల్లుడే మా బాబాయి. ఏదో మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. నాకు గురుగ్రామ్‌లో ఉద్యోగం రాగానే పెట్టె సర్దుకుని జనక్‌పురిలో వాళ్ళింట్లో దిగిపోయాను. అద్దె లేని గది, పిన్ని చేతి వంట, ఇంజనీరింగ్ చదువుకోసం వేరే ఊరెళ్ళిన వాళ్ళబ్బాయి బంటీ మంచం. ఇంతకన్నా గిట్టుబాటు బేరం దేశ రాజధానిలో ఎవరికీ దొరికి ఉండదు. మా కంపెనీ ప్యాకింగ్ యంత్రాలు తయారుచేసేది. అందులో నేను కొనుగోళ్ళ విభాగంలో ప్రొబేషన్ మీద ఉన్న గుమాస్తాని (కార్డు మీద మాత్రం ఎగ్జిక్యూటివ్). ఏడాది నిండబోతుండగా మా మేనేజరు పిలిచి చెప్పాడు. “దేఖ్ భాయ్, హంగేరీ ఫ్యాక్టరీ నుంచి సేల్స్ మేడమ్ వస్తోంది. ఈసారి ధరలో అయిదు శాతం తగ్గించాలి. తగ్గించావా, కన్ఫర్మేషన్ లెటర్ నీ టేబుల్ మీద. లేదా, నీ ఊరు, నీ గిన్నెలు.”

ఆ మేడమ్ పేరు అరాంకా.

నాన్న పాఠం ప్రకారం ముందు పేరు పట్టుకున్నాను. ఇంటర్నెట్టులో వెతికితే తెలిసింది, వాళ్ళ భాషలో ‘అరాన్’ లాంటి మాటేదో ఉందిట, బంగారం అని అర్థం. దానికి ముద్దుగా ఒక చిన్న తోక తగిలిస్తే అరాంకా. మనం బంగారు తల్లీ అన్నట్టన్నమాట. లాటిన్ నుంచి వచ్చిన ఆరేలియా అనే పేరుకి బదులుగా సొంత భాషలో పిలుచుకోవడానికి కూడా వాడారట. ఆవిడ పంపిన ఒక కాగితంలో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత ఉండటం చూసి నాకు కళ్ళు చెమర్చినంత పనయింది. ఢిల్లీలో ప్రతి కౌంటరు దగ్గరా నా ఇంటిపేరునే నా పేరనుకుని కేకేసే గుమాస్తాల మధ్య బతుకుతున్నవాణ్ణి. యూరప్ నడిబొడ్డున మనలాగే ఇంటిపేరు ముందు పెట్టుకునే జాతి ఒకటుందని తెలిస్తే ఆపాటి చుట్టరికం పుట్టదా!

మొదటి సమావేశంలోనే ప్రయోగించాను. ఆవిడకి యాభై దాటి ఉంటాయి. పొట్టి జుట్టు, ముక్కు మీద కళ్ళద్దాలు, మా పెదనాన్న బట్ట పోగు లాగి చూసినట్టు మనిషిని లాగి చూసే చూపు. “మేడమ్, మీ పేరుకి అర్థం బంగారం కదా?” అన్నాను. ఆవిడ మొహం విచ్చుకుంది. “మా నాయనమ్మ పేరు. ఆవిడ కాలంలో వీధికి ముగ్గురు అరాంకాలు. నా కాలానికి పాతబడిపోయింది. క్లాసులో నా పేరు పిలిస్తే, ఎవరో ముసలావిడ లేస్తుందని కొత్త టీచర్లు వెనక్కి తిరిగి చూసేవారు” అని నవ్వింది. అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. ఇనుము కాలినప్పుడే దెబ్బ వెయ్యాలని నాలోని కొట్టువాడు తొందరపెట్టాడు. “మేడమ్, ఆశ్చర్యంగా ఉంది! నేనుండేది మా పిన్ని దగ్గర. ఆవిడ పేరు కూడా అదే. బంగారమ్మ!”

(మా వంశంలో ఏడు తరాల వెనక్కి వెళ్ళినా బంగారమ్మ అనే మనిషి లేదు.)

అరాంకా చేతిలో టీ కప్పు టక్కున కింద పెట్టింది. “నిజంగానా? ఈ శనివారం మా పేరు రోజు!” అంది. అప్పుడు చెప్పింది. వాళ్ళ క్యాలెండరులో ప్రతి తేదీ కిందా పేర్లు అచ్చువేసి ఉంటాయట. ఎవరి పేరు ఏ రోజున పడితే ఆ రోజు వాళ్ళకి పండగ. చుట్టాలు ఫోన్లు చేస్తారు, ఆఫీసులో చాక్లెట్లు పంచుతారు, పుట్టినరోజు మర్చిపోయినా ఎవరూ ఏమీ అనుకోరు గాని పేరు రోజు మర్చిపోవడం కుదరదట, గోడ మీదే రాసి ఉంటుంది కాబట్టి. పూల కొట్ల ముందు ఆ రోజు ఎవరి పేరో పలక మీద రాసి పెడతారట. అది వింటుంటే నా ఒళ్ళు పులకరించింది. ఏడాది పొడుగునా రోజుకో గిరాకీ, అదీ క్యాలెండరు అచ్చేసి ఇచ్చిన గిరాకీ! ఆ పులకరింతలో ఆవిడ తర్వాతి మాట సరిగ్గా తలకెక్కలేదు. “పాతికేళ్ళలో ఇంటికి దూరంగా పేరు రోజు గడపడం ఇదే మొదటిసారి. శనివారం మీ అరాంకా దగ్గరికి పూలు తీసుకుని వస్తాను. రావచ్చా?” నేను నోరు తెరిచేలోపే పక్కనే కూర్చున్న మా మేనేజరు రెండు చేతులూ చాచి “జరూర్, మేడమ్, జరూర్! సోమవారం ధర మాట్లాడుకుందాం” అనేశాడు. బల్ల కింద నా కాలు తొక్కాడు. అది మెచ్చుకోలు. తేడా వస్తే అదే కాలితో బయటికి తంతాడని అర్థమైంది.

ఇంటికొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. పిన్ని బెండకాయలు తరుగుతోంది. సంగతంతా చెప్పి, “శనివారం ఒక్క గంట నీ పేరు బంగారమ్మ, పిన్నీ” అన్నాను.

“ఎందుకూ, నాకో పేరుంది కదా?”

“ఉందనుకో. ఒక్క గంట.”

పిన్ని కత్తి ఆపింది. “ఏదీ, నా పేరేంటో చెప్పు. చెప్పావంటే ఊరికే బంగారమ్మనై కూర్చుంటా.”

చిటికెలో చెబుదామని నోరు తెరిచాను. మాట రాలేదు. అమ్మమ్మ ఆవిణ్ణి చిట్టీ అని పిలిచేది. మా అమ్మా అంతే. శుభలేఖల మీద ‘శ్రీమతి అండ్ శ్రీ’ అని బాబాయి పేరే. కాలనీలో రావ్ ఆంటీ, కింది వాటావాళ్ళకి బంటీ కీ మమ్మీ, గ్యాసు తెచ్చే అతనికి రావ్ సాబ్ వాలీ మేడమ్. మా ఊళ్ళో సగం గిన్నెల మీద పేర్లు చెక్కినవాణ్ణి, ఏడాదిగా అన్నం పెడుతున్న మనిషి పేరు నాకు తెలీదు. కానీ కొట్టువాడి పిల్లాడు సరుకు లేదని ఒప్పుకుంటాడా? ఎక్కడో ఒకచోట లక్ష్మి ఉండకపోతుందా అని రాయి విసిరాను. “లక్ష్మి కదూ?”

“ఏ లక్ష్మి?”

“వరలక్ష్మి... కాదు, విజయలక్ష్మి... పోనీ సుబ్బలక్ష్మి?”

“ఏంట్రా, ధర తగ్గించినట్టు ఒక్కో లక్ష్మినీ దింపుకుంటూ వస్తున్నావు? అచ్ఛా, చాల్లే!” అని మళ్ళీ బెండకాయల మీద పడింది. కోపమో వేళాకోళమో ఆ గొంతులో తేలలేదు. (చాటుగా ఆధార్ కార్డు చూద్దామంటే అది బీరువాలో ఉంది. బీరువా తాళం బాబాయి మొలతాడుకి ఉంది.)

హాల్లోంచి, పేపరు వెనకనించి బాబాయి గొంతు వినిపించింది. “పేరు మార్పుకి ఒక పద్ధతుందిరా. ముందు అఫిడవిట్, తర్వాత రెండు పేపర్లలో ప్రకటన, ఆ పైన గెజెట్.”

“ఒక్క గంటకి, బాబాయ్!”

“గంటకైనా అదే ప్రొసీజరు.” పేపరు దించి నా వైపు చూశాడు. “ఉద్యోగం పోతుందంటున్నావు కాబట్టి ఒక పని చేస్తాను. నేను అబద్ధం చెప్పను. కానీ నన్నెవరూ అడక్కపోతే నిజం చెప్పాల్సిన బాధ్యత నాకు లేదు. నోరు మూసుకుని కూర్చుంటా. అంతవరకే.”

ఇక పిన్ని. పేరు చెప్పలేనివాడికి ఊరికే ఇచ్చేది లేదని తేల్చింది. మంగళవారం బజారుకి నెల్లాళ్ళు నేనే వెళ్ళాలి, అడిగిన ధర ఇచ్చి కూరలు తేవాలి, ఒక్క రూపాయి తగ్గించమని అన్నట్టు తెలిసినా ఆవిడ అరాంకాకి ఫోన్ చేసి నిజం చెప్పేస్తుంది. నాకు జ్వరం వచ్చినంత పనయింది. పదిహేను రోజులన్నాను, కనీసం టమాటాలకి మినహాయింపు అడిగాను. ఆవిడ బెండకాయ తొడిమ తీస్తూ “ఠీక్ హై, పో. బంగారమ్మ దొరకదు” అంది. ఒప్పుకున్నాను. మా నాన్న చూసి ఉంటే కొట్టు ఆవిడ పేర రాసేసేవాడు.

శనివారం సాయంత్రం అయిదింటికి అరాంకా క్యాబులో దిగింది. ఒక చేతిలో చాక్లెట్ పెట్టె, ఇంకో చేతిలో పదకొండు గులాబీలు. వాళ్ళ దేశంలో పూలు బేసి సంఖ్యలోనే ఇవ్వాలట. పూలకొట్టు అతను డజను కట్టిస్తే, డజనుకీ డబ్బిచ్చి ఒకటి అతనికే తిరిగి ఇచ్చేసి వచ్చిందట. నా ప్రాణం ఉసూరుమంది. పిన్ని పట్టుచీర కట్టి, ఉన్న నగలన్నీ దిగేసుకుని, పేరుకి తగ్గట్టు ధగధగలాడుతూ సోఫాలో కూర్చుంది. బాబాయి మూలకుర్చీలో, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, విచారణ సంఘం ముందు కూర్చున్నట్టున్నాడు.

“బంగారమ్మా!” అంది అరాంకా ప్రేమగా. పిన్ని గులాబీలు చూసుకుంటోంది. “బంగారమ్మా?” పిన్ని కిటికీ వైపు చూసింది, ఎవర్నో పిలుస్తున్నారనుకుని. మూడోసారికి నేను అడ్డుపడి “మా పిన్నికి కొంచెం చెవుడు, మేడమ్” అన్నాను. అరాంకా పాపం జాలిపడి, దగ్గరికి జరిగి, చెవి పక్కనే గట్టిగా అరిచింది. “బం-గా-ర-మ్మా! హౌ ఆర్ యూ!” పిన్ని అదిరిపడింది. నవ్వు మొహం చెదరకుండా, పెదవులు కదపకుండా నాతో తెలుగులో అంది, “చెవిటిదాన్ని కూడా చేశావట్రా? రెండు నెలలు. కూరలు రెండు నెలలు.” ఏమంటోందని అరాంకా అడిగితే “మీరొచ్చినందుకు చాలా సంతోషంగా ఉందంటోంది” అని అనువదించాను. మూలకుర్చీలో బాబాయి దగ్గాడు.

అయినా కథ నడిచిపోయింది. గారెలు అల్లప్పచ్చడితో తిని అరాంకా మరో రెండు వేయించుకుంది. పిన్ని ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది, ఆవిడ పిన్ని గాజులు వేసుకుని చూసింది. ఆ మాటా ఈ మాటా చెబుతూ అరాంకా వాళ్ళమ్మ సంగతెత్తింది. పాత పద్ధతిలో పెళ్ళయిన ఆడదాని పేరు కాగితాల్లో ఉండేదే కాదట. మొగుడి పేరు మొత్తం రాసి చివర ఒక చిన్న ముక్క తగిలిస్తే అదే ఆవిడ పేరు. ఫలానా వారి భార్య అన్నట్టు. ఉత్తరాల మీదా అదే, తలుపు మీదా అదే. “మా అమ్మని ఆవిడ సొంత పేరుతో అందరూ పిలిచే రోజు ఏడాదికి ఒక్కటే, పేరు రోజు. ఆ రోజు పొద్దున్నే అమ్మ జుట్టు దువ్వుకుని తయారుగా కూర్చునేది” అంది. నేను తెలుగులో చెప్పాను. ఈసారి కల్తీ లేకుండానే చెప్పాను, ఎందుకో మరి. పిన్ని గులాబీ రేకు ఒకటి వేలితో సవరించింది.

అరాంకా గడియారం చూసుకుని లేచింది. “వెళ్ళేముందు ఒక పని మిగిలింది. మా ఇంట్లో ముందు నాన్న లేచి నిలబడి, పేరు పెట్టి పిలిచి శుభాకాంక్షలు చెప్పేవాడు. ఆ తర్వాతే మిగతావాళ్ళం” అని సరాసరి బాబాయి వైపు తిరిగింది. “మిస్టర్ రావ్, ప్లీజ్. మీ భార్యని పేరు పెట్టి పిలవండి.”

అడగకపోతే చెప్పనన్న మనిషిని ఆవిడ అడిగేసింది. నాకు కన్ఫర్మేషన్ లెటరు రెక్కలొచ్చి కిటికీలోంచి ఎగిరిపోవడం కనపడింది. బాబాయి లేచాడు. పెళ్ళయి పాతికేళ్ళు దాటినా ఆయన భార్యని “ఇదిగో”, “ఏమోయ్” అని తప్ప పిలవగా ఎవరూ వినలేదు. గొంతు సవరించుకున్నాడు. వెనకనించి నేను చేతులు జోడించి దండాలు పెడుతున్నాను. ఆయన చొక్కా కిందికి లాక్కున్నాడు, ప్రమాణం చేసేవాడిలా నిటారుగా నిలబడ్డాడు, పిన్ని వైపు చూశాడు.

“తిలోత్తమా,” అన్నాడు.

చెవుడు, కథ, రెండు నెలల కూరగాయలు అన్నీ మర్చిపోయి పిన్ని “ఆఁ” అని పలికింది.

అరాంకా నా వైపు తిరిగింది. “ఈ పేరేమిటి?” మునిగేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు “అదీ ఒక రకం బంగారమే, మేడమ్” అన్నాను. “నో,” అన్నాడు బాబాయి, ఆఫీసు ఇంగ్లీషులో, ఒక్కో మాటా నొక్కి. “బంగారానికీ దీనికీ సంబంధం లేదు. తిలలు అంటే నువ్వులు. ప్రపంచంలో ఉన్న ప్రతి మంచి వస్తువులోంచీ నువ్వుగింజంత తీసి, ఆ ముక్కలన్నీ కలిపి చేసిన అందగత్తె తిలోత్తమ. మా అమ్మకి అప్సర పేరు నచ్చక ఇంట్లో పిలవనివ్వలేదు. రికార్డుల ప్రకారం నా భార్య పేరు అదే.” పిన్ని కళ్ళు విప్పార్చుకుని చూస్తోంది. “ఇదంతా మీకెలా తెలుసు?” అంది తెలుగులో. బాబాయి మళ్ళీ కుర్చీలో కూలబడి, నేల చూస్తూ అన్నాడు, “పెళ్ళిచూపుల నుంచి వెళ్ళగానే నిఘంటువు తీసి చూశాను.”

“మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?”

“నువ్వు అడగలేదు.”

నేను తల వంచుకుని అరాంకాకి మొత్తం నిజం చెప్పేశాను. ఇంకేం మిగిలిందని దాస్తాను? ఆవిడ కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, పిన్నిని దగ్గరికి తీసుకుని రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టి, వాళ్ళ భాషలో ఏదో శుభాకాంక్ష చెప్పింది. చివర్న “తిలోత్తమా” అని చక్కగా పలికింది. తర్వాత నా దగ్గరికొచ్చి మెల్లిగా అడిగింది, “అయితే చెవుడు కూడా లేదా?”

సోమవారం గురుగ్రామ్‌లో ఆవిడ రెండు శాతం తగ్గించింది. సంతకాలయ్యాక నన్ను పక్కకి పిలిచి చెప్పింది. “మా వాళ్ళు అయిదు వరకూ ఇవ్వమని పంపారు. అడిగితే ఇచ్చేద్దామనే వచ్చాను. మూడు మాత్రం బంగారమ్మ అబద్ధానికి జరిమానాగా కోసేశాను.” మా మేనేజరు మాత్రం ఆ రెండుకే పొంగిపోయి నా భుజం విరిగేలా చరిచాడు. ఆయన పైవాళ్ళకి ఒప్పుకున్నది ఒక్క శాతమేనట. అయిదు అన్నది నా దగ్గర ఆడిన బేరం. ఇందరు ఘనుల మధ్య, ఊళ్ళో పెద్ద బేరగాణ్ణని మీసం దువ్వుకుంటూ తిరిగినవాణ్ణి నేనొక్కణ్ణే. లెటరు మాత్రం వచ్చింది. రెండు నెలలపాటు మంగళవారం బజారులో అడిగినంతా ఇచ్చి కూరలు తెచ్చాను. మొదటి వారం నన్ను చూసి జాలిపడి ఒకావిడ తనంతట తనే రూపాయి తగ్గించింది. వద్దన్నాను. ఆ కష్టం ఎవరికి చెప్పుకోను?

ఇప్పుడు నాకూ కణతల దగ్గర నెరిసింది, కాపురం నోయిడాకి మారింది. బాబాయి రిటైరయ్యాడు. పోయిన నెల ఓ ఆదివారం జనక్‌పురి వెళ్ళి, వంటింట్లో పిన్ని ఎదురుగా స్టూలు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాను. బాల్కనీలోంచి బాబాయి పిలుపు వినపడింది. “తిలోత్తమా!” పిన్ని చేతిలో పనేమీ లేదు. చెవులు దివ్యంగా పనిచేస్తున్నాయి. అయినా పలకలేదు. నేను లేవబోతే చెయ్యి అడ్డం పెట్టింది. గోడవైపు చూస్తూ నిలబడింది. రెండు క్షణాలాగి, ఇంకాస్త పెద్దగా, ఇంకాస్త మెత్తగా, మళ్ళీ వినపడింది. “తిలోత్తమా...” అప్పుడు కొంగు సర్దుకుని “ఆఁ, వస్తున్నా” అంది. ఒక్క పిలుపుకే పలికేస్తే కొసరు ఎవరిస్తారు? ఇరవై మూడేళ్ళ వయసులో ఈ ఇంట్లో కూర్చుని, బేరమంటే నాకు తెలుసనుకునేవాణ్ణి.